రిపోర్టు అయ్యాక

జనవరి రెండో వారం నుంచి మార్చి చివరిదాకా మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద భోజనం చేసేవాళ్లం కాదు. దాని మీద బ్యాంకు వార్షిక నివేదిక ప్రూఫులు పరచి ఉండేవి. పళ్లాలు ఒళ్లో పెట్టుకొని సోఫాలో తినేవాళ్లం. చేతికి పప్పు అంటి ఉంటే ఆ టేబుల్ వైపు వెళ్లకూడదని నియమం. ఆ నియమం పెట్టింది నేను, పాటించింది నా భార్య.

నేను పనిచేసింది అమెరికా కేంద్ర బ్యాంకుకు ఉన్న ప్రాంతీయ బ్యాంకుల్లో ఒకదానిలో. ఏ ఊళ్లోదో చెప్పను. చెబితే కొందరిని గుర్తుపట్టడం తేలికవుతుంది. ఆ బ్యాంకులో మామూలు మనుషులకు ఖాతాలు ఉండవు. అది బ్యాంకులకు బ్యాంకు. నోట్లు పంపడం, పాతవి తీసేయడం, ఒక బ్యాంకు చెక్కును ఇంకో బ్యాంకుకు చేర్చడం, చిన్న బ్యాంకులను తనిఖీ చేయడం, ఆ ప్రాంతంలో వ్యాపారాలు ఎలా ఉన్నాయో ఫోన్లు చేసి కనుక్కోవడం దాని పనులు. ఏడాది ముగిశాక ఈ పనులన్నీ ఒక పుస్తకంగా అచ్చవుతాయి. ముందు బ్యాంకు అధ్యక్షుడి ఉత్తరం, తరువాత ఒక పెద్ద వ్యాసం, ఆ తరువాత ‘ఈ ఏడాది సాధించినవి’ అనే భాగం, చివర పేర్ల జాబితాలు.

ఆ ‘సాధించినవి’ భాగం నాది. రాయడం కాదు. ప్రతి విభాగమూ తన గొప్పలు రాసి పంపేది. వాటిని కోయడం నా పని. ప్రచురణల విభాగంలో కాపీ ఎడిటర్ని. విభాగాలకు పంపడానికి ఒక పేజీలో నియమాలు రాసిపెట్టాను. విశేషణాలు వద్దు. మన ఉద్యోగులను మనమే మెచ్చుకోవద్దు. ఈ ఏడాది జరగనిది ఈ ఏడాది నివేదికలో వద్దు. ఆ పేజీని ఏటా కొత్తగా వచ్చినవాళ్లకు ఇచ్చేవారు. అది నాకు గర్వంగా ఉండేది.

ఆ మూడు నెలల్లో ఇంటి విషయం ఏది వచ్చినా నేను చెప్పే మాట ఒకటే: “రిపోర్టు అయ్యాక.” ప్లేనోలో ఉన్న నా భార్య చెల్లెలి ఇంటికి వెళ్లడం, కారు టైర్లు మార్పించడం, నా పన్ను పీకించుకోవడం, అన్నీ రిపోర్టు అయ్యాకే. కొన్నేళ్లకు ఆ మాట నా నోటినుంచి తన నోటికి వెళ్లింది. ఎవరైనా ఫోన్ చేసి మాటల్లో పెడితే, “మా ఇంట్ల ఇప్పుడు రిపోర్టు నడుస్తున్నదమ్మా, ఏప్రిల్‌ల మాట్లాడుకుందాం” అని నవ్వేది. మాకు పిల్లలు లేరు. ఉండి ఉంటే వాళ్లు కూడా ఏప్రిల్‌లోనే పుట్టాల్సి వచ్చేదని ఒకసారి అంది. అది సరదాగానే అంది. నేను ప్రూఫు మీదనుంచి తలెత్తకుండా నవ్వాను.

తనది వరంగల్ వైపు, నాది గుంటూరు వైపు. ఇద్దరం ఇక్కడే ఒక యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నప్పుడు పరిచయం. తను లైబ్రరీ సైన్స్, నేను జర్నలిజం. గ్రీన్ కార్డు చేతికొచ్చేసరికి ఊళ్లో ఏ లైబ్రరీలోనూ ఖాళీ లేదు. మా బ్యాంకులోనే చెక్కుల అంతస్తులో ఉద్యోగం ఉందని నేనే చెప్పాను. ఆర్నెల్లు చేసి మానేస్తానని చేరింది. పన్నెండేళ్లు చేసింది.

ఆ అంతస్తులో గది పొడవు యంత్రాలు ఉండేవి. చెక్కు అడుగున ప్రత్యేకమైన సిరాతో ఒక అంకెల వరుస ఉంటుంది. యంత్రం దాన్ని చదివి ఏ బ్యాంకుకు వెళ్లాల్సిన చెక్కును ఆ గూట్లో పడేస్తుంది. చదవలేకపోతే చివరి గూట్లో పడేస్తుంది. చిరిగినవి, కాఫీ ఒలికినవి, చొక్కా జేబులో ఉతుక్కుపోయినవి, మడతపడ్డవి ఆ చివరి గూట్లో చేరేవి. వాటిని ఎనిమిదిమంది చదివేవారు. గోడవారన ఒకే వరుసలో కూర్చొని, మనుషులు చేత్తో రాసింది చూసి, అంకెలు టైపు చేసేవారు. ఆ ఎనిమిదిమందిలో నా భార్య ఒకతె.

తను చదవలేని చేతిరాత నేను చూడలేదు. డాక్టర్ల రాత, ఎడమచేతివాళ్ల రాత, ట్రాక్టరు మీద కూర్చొని రాసినట్టుండే రాత, ఏదైనా చదివేది. పక్క సీట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి, ఆదివారం చర్చిలో పాడుతుంది, ఆ వరుసలో అందరికంటే పాత. తన గురించి నా భార్య ఇంట్లో “మా పెద్దక్క” అనే చెప్పేది. వాళ్లిద్దరికీ పందేలు. ఎవరికీ అర్థంకాని చెక్కు వస్తే ముందు ఎవరు చదివితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు మర్నాడు తినడానికి ఏదో ఒకటి తేవాలి. పెద్దక్క డోనట్లు తెచ్చేది. మా ఇంట్లో గారెలు వండిన రోజుల్లో చాలావరకు నా భార్య పందెం ఓడిన రోజులే.

చెక్కుల మీద చూసిన పేర్లు ఎన్నడూ చెప్పలేదు. ఊరి పేరు కూడా చెప్పేది కాదు. అది ఉద్యోగ నియమం. నియమం లేకపోయినా చెప్పేది కాదనుకుంటాను. కానీ రాతల గురించి చెప్పేది. ఒక ముసలావిడ ఉండేది. ఆమె ప్రతి నెలా ఏదో బిల్లు కడుతూ, ఆ బిల్లు కాగితానికీ చెక్కుకూ కలిపి స్టేప్లర్ పిన్ను కొట్టేది. సరిగ్గా అంకెల వరుస మీద కొట్టేది. కాబట్టి యంత్రం ప్రతి నెలా ఆ చెక్కును చివరి గూట్లో పడేసేది. వరుసలో ఎవరికి వచ్చినా నా భార్యకు చూపించేవారు, తనకు ఆ చెక్కంటే ఇష్టమని.

“మంచి గుండ్రటి రాత,” అని చెప్పింది మొదట్లో. “టీచరు చేసినట్టుంది.”

రెండేళ్ల తరువాత ఒక సాయంత్రం కూరగాయలు తరుగుతూ, “మా పిన్నుల ముసలమ్మ రాత చిన్నగైతున్నది,” అంది.

“చిన్నగా అంటే?”

“పెద్దగనే మొదలుపెడ్తది. పోను పోను చిన్నగైతది. సంతకంల ఆఖరి అక్షరాలు చీమల లెక్క ఉన్నయి.”

“కళ్లు కనబడక అయి ఉంటుంది.”

“కండ్లు కనబడకపోతే పెద్దగ రాస్తరు,” అంది. లైబ్రరీ నుంచి ఒక వైద్య పుస్తకం తెచ్చుకొని చదివింది. ఏ జబ్బులో రాత అలా కుదించుకుపోతుందో నాకు చెప్పింది. నేను విన్నాను. ఇంకో ఏడాదికి ఆ చెక్కుల మీద వేరే ఎవరిదో సంతకం రావడం మొదలైంది. ఆ తరువాత చెక్కులే రాలేదు. ఆ వారమంతా నా భార్య అన్నం సరిగా తినలేదు. తెలియని మనిషి కోసం ఇంతగానా అన్నాను. “తెల్వకపోవుడేంది, నాలుగేండ్లు నెలనెలా కలిసిన మనిషి,” అంది.

రెండు వేల ఒకటి సెప్టెంబరులో విమానాలు ఆగిపోయినప్పుడు చెక్కులు కూడా ఆగిపోయాయి. అప్పట్లో అవి విమానాల్లోనే తిరిగేవి. పెట్టెలు ఆ అంతస్తు నడవాల్లో పేరుకుపోయాయి. లారీల్లో పంపారు. తను పది రోజులు వరసగా పనికి వెళ్లింది. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. ఆ ఏటి నివేదికలో ‘చెల్లింపుల సేవలు ఆగకుండా కొనసాగాయి’ అని వచ్చింది. ఆ వాక్యం మొదట నాలుగు లైన్లు ఉండేది. నేనే కోశాను. తను అది చదివి, “ఆగలేదంట! మా కాళ్లనడుగు, ఆగినయో లేదో,” అని పెద్దక్కకు ఫోన్ చేసి ఇంగ్లీషులో చదివి వినిపించింది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

తరువాత చట్టం మారింది. చెక్కు కాగితం ప్రయాణం చేయక్కర్లేదు, దాని ఫొటో వెళ్తే చాలు అన్నారు. జనం కూడా కార్డులు గీకడం మొదలుపెట్టారు. యంత్రాలు ఒక్కొక్కటిగా ఆగాయి. దేశంలో చెక్కుల కేంద్రాలను ఒకదానిలో ఒకటి కలిపేయడం మొదలైంది. మాది ఎప్పుడన్నదే ప్రశ్న.

అది ఒక శరదృతువులో వచ్చింది. ప్రకటన నా టేబుల్ మీదికే వచ్చింది, భాష సరిచూడమని. ఉద్యోగులకు చెప్పేదాకా ఎవరితోనూ అనకూడదు. వారం రోజులు ఆ విషయం తెలిసి తనతో పాటు కారులో ఆఫీసుకు వెళ్లాను, తిరిగొచ్చాను. వాళ్లకు చెప్పిన రోజు సాయంత్రం కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటూ, “నీకు ముందే ఎరుక గదా,” అంది.

“చెప్పకూడదు.”

“చెప్పకపోతివి. కని వారం సంది గిన్నెలు నువ్వే తోముతున్నవు. ఏదో ఉన్నదనుకున్న.”

జూన్‌లో అంతస్తు మూసేస్తారు. రెండు రాష్ట్రాల అవతల ఉన్న కేంద్రానికి వస్తామన్నవాళ్లకు అక్కడ పని ఇస్తారు. తను వెళ్లనంది. పెద్దక్కకు ఎలాగూ రిటైర్మెంటు దగ్గరపడింది.

ఆ ఏటి నివేదిక పని జనవరిలో మొదలైంది. చెక్కుల కేంద్రం విలీనానికి ప్రణాళిక ఖరారు కావడం ‘సాధించినవి’లో ఒకటి. విభాగం పంపిన రాతలో ఆ పని చేసినవాళ్ల గురించి ఒక్క మాట లేదు. అది నా నియమాల పేజీ ప్రకారమే రాశారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం తను ప్రూఫుల పక్కన ఒక పసుపు కాగితం పెట్టింది. లీగల్ ప్యాడ్ నుంచి చింపిన కాగితం, సగానికి చింపింది. దాని మీద ఇంగ్లీషులో ఒకే వాక్యం. తెలుగులో అయితే ఇలా ఉంటుంది: ‘యంత్రం చదవలేని చెక్కులను ఈ అంతస్తులో ఎనిమిదిమంది చదివారు.’

“చదివినవా?”

“చదివాను.”

“ఏమంటవ్ మరి, ఎడిటర్ సారూ?”

“బాగుంది. కానీ రిపోర్టులోకి పోదు.”

“ఎందుకు పోదు? విశేషణం ఏమన్న ఉన్నదా?”

“లేదు. కానీ ఇది ఈ ఏడాది కొత్తగా చేసింది కాదు కదా. ఎప్పుడూ చేసేదే.”

“ఈ ఏడు కూడా చేసినం గద.”

“అలా అయితే సెక్యూరిటీ వాళ్లు రోజూ తలుపు తీశారని కూడా రాయాలి.”

“రాయి. తీసిండ్రు గద.”

నాకు నవ్వొచ్చింది. తను నవ్వలేదు. కుర్చీ లాక్కొని ఎదురుగా కూర్చుంది. “ఒక్కసారి మంచిగ చూడు,” అంది.

మళ్లీ చూశాను. “ఎనిమిది అన్న అంకె కూడా ఉండకూడదు. మధ్యలో ఒకరిద్దరు మారారు కదా,” అన్నాను.

తను నా మొహం వైపు కొంచెంసేపు చూసింది. “సరే తీ,” అని లేచి వంటింట్లోకి వెళ్లింది. నేను కాగితం మీద తేదీ వేసి, అచ్చుకు రాని రాతలు దాచే ఫైలులో పెట్టాను. అది నా అలవాటు. ఎవరు ఏది పంపినా పారేయను.

రెండు రోజుల తరువాత పొద్దున్నే వంటింట్లో నూనె వాసన. తను గారెలు వేస్తోంది. పెద్ద డబ్బా నిండా వేసింది.

“ఏమిటి విశేషం?”

“పందెం ఓడిపోయిన.”

“ఏం పందెం?”

“రిపోర్టు అయ్యాక చెప్త,” అంది.

సరేనన్నాను. నాకు తొమ్మిదింటికి అధ్యక్షుడి ఉత్తరం మీద మీటింగ్ ఉంది.

నివేదిక ఏప్రిల్ మొదట్లో ప్రెస్ నుంచి వచ్చింది. కాపీ ఇంటికి తెచ్చాను. తను టేబుల్ శుభ్రంగా తుడిచి, ఆ ఏడాది మొదటిసారి దాని మీద కంచాలు పెట్టింది. భోజనం అయ్యాక, “రిపోర్టు అయింది గదా,” అంది.

“అయింది.”

“అయితే నీకు ఒకటి చెప్పాలె. శుక్రవారం డాక్టరు దగ్గరికి పోవాలె, నువ్వు కూడ రావాలె. చెయ్యి మాట వింటలేదు.”

ఎన్నాళ్ల నుంచి అన్నాను. దీపావళి ముందు నుంచి, అంది. అంతస్తు మూసేస్తారని వాళ్లకు చెప్పిన రోజుల్లోనే అన్నమాట. టైపు చేయడం బాగానే ఉందట. కలం పట్టుకుంటేనే రాత మొదట బాగుండి, తరువాత చిన్నదైపోతోందట. నేను లేచి లోపలికి వెళ్లి ఫైలు తెచ్చాను. పసుపు కాగితం తీశాను. మొదటి మాట గుండ్రంగా, మామూలు తన రాతలో ఉంది. అక్కడి నుంచి ప్రతి మాటా ముందు మాటకంటే చిన్నది. చివరి రెండు మాటలు చదవడానికి కాగితం దగ్గరికి తెచ్చుకోవాలి. కాగితంలో చోటు చాలక అలా రాసి ఉంటుందని అప్పుడు అనుకున్నానేమో, గుర్తు లేదు. చోటు ఉంది. వాక్యం తరువాత సగం కాగితం ఖాళీగా ఉంది.

“ఇది నాకు ఇచ్చినప్పుడు నీకు తెలుసా?”

“ఎరుకే.”

“మరి చెప్పొచ్చు కదా.”

“నువ్వు చూస్తవేమో అనుకున్న,” అంది. కోపంగా అనలేదు. “వాక్యం కూడ కావాలనే రాసిన, ఉత్తగనే కాదు. అది పడితే మంచిగుండు అనుకున్న. రెండూ అనుకున్న.”

డాక్టరు తనను ఒక కాగితం మీద ఒకే వాక్యం మూడుసార్లు రాయమన్నాడు. రాసి ఇచ్చి, ఆయన చెప్పకముందే జబ్బు పేరు తనే చెప్పింది. ఎలా తెలుసని ఆయన అడిగాడు. “మా ఆఫీసులో ఒకావిడ ఉండేది,” అని పిన్నుల ముసలమ్మ గురించి చెప్పింది. ఆయన సహోద్యోగి అనుకున్నాడు. మేం సరిదిద్దలేదు.

మొదట తను చెప్పిన జబ్బే అనుకున్నారు. ఏడాదిన్నర తరువాత, అది కాదు, దానిలాంటిదే ఇంకొకటి, ఇంకా త్వరగా ముదిరేది అన్నారు. నడక పోయింది. గొంతు పోయింది. అన్నీ వరసగా చెప్పే ఓపిక నాకు లేదు, వినేవాళ్లకు అవసరమూ లేదు. కొన్ని మాత్రం చెబుతాను. జూన్‌లో అంతస్తు మూసిన రోజు కేకు కోశారు. కత్తి తన చేతికే ఇచ్చారు. పెద్దక్క తన చేయి మీద చేయి వేసి కోయించింది. వేరే అంతస్తుల నుంచి వచ్చినవాళ్లు అది ఇద్దరి మధ్య ప్రేమ అనుకున్నారు. అది నిజమే. ఇంటికొచ్చాక తను తెచ్చుకున్న పెట్టెలో ఒక కాఫీ కప్పు, ఒక స్వెట్టరు, ఒక భూతద్దం ఉన్నాయి. భూతద్దం బ్యాంకుది. “దొంగతనం చేసిన, రిపోర్టుల రాసుకో,” అంది.

సామాన్ల జాబితా తనే రాసేది. ఏ వారానికి ఆ వారం రాత చిన్నదవుతుండేది. ఇండియన్ స్టోర్‌లో అరల మధ్య నిలబడి ఆ భూతద్దంతో చదివేవాణ్ని. షాపులో ఒకాయన నన్ను చూసి, ఏం అంకుల్, వజ్రాలు కొంటున్నారా అన్నాడు. ఆ జాబితాలను పారేయలేదు. అంతకు ముందు పదేళ్ల జాబితాలు ఒక్కటి కూడా దాచలేదు కాబట్టి, మామూలుగా ఉన్నప్పటి తన రాత నా దగ్గర పెద్దగా లేదు. పెళ్లి రిజిస్టరు మీద ఒక సంతకం, రెండు పుట్టినరోజు కార్డులు, లైబ్రరీ పుస్తకంలో మరచిపోయిన ఒక చీటీ ఉన్నాయి.

రాయడం పూర్తిగా ఆగాక బల్ల మీద వేలితో చూపించడానికి అక్షరాల అట్ట ఒకటి ఇచ్చారు. అందులో ఇంగ్లీషు అక్షరాలే. దాని మీద తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పేది. ఒక జనవరిలో నేను ప్రూఫులు ముందేసుకొని కూర్చుంటే పిలిచి, ఒక్కొక్క అక్షరమే చూపించి, “కోయకు” అంది. ఏది కోయవద్దంటోందో అడిగాను. అట్ట మూల ఉన్న నవ్వు బొమ్మ చూపించింది. తను నన్ను ఆటపట్టిస్తోంది.

తను పోయింది ఆగస్టులో. ఆ నెలలో నాకు ఏ ప్రూఫులూ లేవు. చెల్లెలు ప్లేనో నుంచి వచ్చి పదకొండు రోజులు ఉంది. పెద్దక్క పదకొండు రోజులూ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి వండి తెచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పి, మా వాళ్లలాగే కింద కూర్చుంది. లేవడానికి ఇద్దరం చెయ్యి అందించాల్సి వచ్చేది.

తరువాతి రెండు నివేదికలు ఎలా చేశానో గుర్తు లేదు. చేశాను. నియమాల పేజీ ఉంది కాబట్టి అయిపోయాయి.

రెండు వేల పద్నాలుగులో పాత చెక్కుల అంతస్తును బడిపిల్లలకు చూపించే హాలుగా మార్చారు. ఒక మూల ఒక పాత యంత్రాన్ని తుడిచి, తాడు కట్టి నిలబెట్టారు. ఆ హాలు తెరవడం ఆ ఏటి ‘సాధించినవి’లో మొదటిది. ప్రూఫు నా దగ్గరికి వచ్చింది. యంత్రం గంటకు ఎంత వేగంతో చదివేదో, దాని బరువెంతో, ఎవరు తయారుచేశారో రాశారు. నేను పసుపు కాగితం తెచ్చి పక్కన పెట్టుకొని, ఆ పేరా చివర తన వాక్యం ఉన్నది ఉన్నట్టు టైపు చేశాను. ఎనిమిది కూడా ఉంచాను.

మా విభాగం అధిపతి నాకంటే పదిహేనేళ్లు చిన్నది. తెలివైన మనిషి, దయగలది కూడా. ప్రూఫు తీసుకొని నా గదికి వచ్చింది.

“ఈ వాక్యం నాకు నచ్చింది. కానీ మీ పేజీ చెబుతోంది కదా, ఈ ఏడాది జరగనిది వద్దని.”

“చెబుతోంది.”

“నేను చేరిన రోజు దాన్ని నాతో చదివించారు.”

“అందరితోనూ చదివిస్తారు.”

“మరి ఏం చేద్దాం?”

తనకు నా భార్య అక్కడ పనిచేసిన సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. నేను చెప్పలేదు. చెబితే ఆ వాక్యం నా దుఃఖం కోసం వేసినట్టు అవుతుంది. అది నిజం కాబట్టి వేయాల్సిన వాక్యం. “నియమం తప్పు,” అన్నాను. “మూడో నియమం. తీసేయండి.”

“ఇన్నేళ్లకా?” అంది. తరువాత, “సరే,” అంది. వాక్యం అచ్చయింది. ఇరవై రెండో పేజీలో, కుడివైపు, అడుగు నుంచి మూడో లైను.

పుస్తకం వచ్చిన రోజు కాపీ ఒకటి పెద్దక్కకు పోస్టు చేశాను. ఇంటికొచ్చి టేబుల్ తుడిచి కంచం పెట్టుకున్నాను. నాలుగు రోజుల తరువాత పెద్దక్క ఫోన్ చేసింది. వినికిడి తగ్గిందని అరిచి మాట్లాడుతుంది.

“చూశాను హనీ. ఇరవై రెండో పేజీ. నా మనవరాలితో రెండుసార్లు చదివించుకున్నాను.”

“ఆలస్యమైంది,” అన్నాను.

“అయింది,” అంది. తను అబద్ధం చెప్పదు. “అది తన మాటే కదా? తను నీకిచ్చిన కాగితంలో ఉన్నదే?”

“ఆ కాగితం మీకు తెలుసా?”

“తెలియకేం. అది మా వరుసలోనే రాసింది, లంచ్ టైంలో. అంతకు ముందు వారం ఒక చీటీ రాసి మా అందరి ముందు తిప్పింది, ఎవరిదో చెప్పకుండా. ఏం చెబుతారు అని అడిగింది. ఏడుగురం ఒకటే చెప్పాం, ఆ పిన్నుల ఆవిడ జబ్బే ఇది అని. అప్పుడు చెప్పింది, నాదే అని. డాక్టరు దగ్గరికి పద అన్నాను. మా ఆయన రిపోర్టు అయ్యాక అంది. ఇప్పుడే చెప్పు అన్నాను. నేను చెప్పక్కర్లేదు, ఒక వాక్యం రాసి ఇస్తాను, అతనే చూస్తాడు, చూడటమే అతని ఉద్యోగం అంది. చూడడు అన్నాను నేను. పందెం అంది.”

లైన్ కట్ అయిందనుకొని తను రెండుసార్లు హలో అంది.

“ఉన్నాను,” అన్నాను.

“ఏడుగురం చూడడనే కాశాం, హనీ. నీ వైపు కాసింది తనొక్కతే.”

ఓడిపోయానని చెప్పిన మర్నాడు నా భార్య ఆ డబ్బా తెచ్చి మధ్యలో పెట్టిందని, అందరూ మాట్లాడకుండా తిన్నారని చెప్పింది. ఏమంటారు వాటిని, మధ్యలో చిల్లు ఉంటుంది, మా డోనట్ల కంటే బాగుంటాయి అంది. గారెలు అన్నాను. తను ఆ మాట రెండుసార్లు పలికి చూసింది.

గారెలు వేసిన ఆ పొద్దున డబ్బాలో పట్టగా నాలుగు మిగిలాయి. నా భార్య వాటిని ఒక ప్లేట్లో పెట్టి, ప్రూఫులకు దూరంగా, సోఫా పక్కన ఉంచింది. మీటింగ్‌కు వెళ్లే ముందు నిలబడే తిన్నాను. బాగా కుదిరాయని కూడా చెప్పాను.